మాంసపు కుందేలు: బరువైనదాన్ని ఏరితే సరిపోదు

‘మాంసం కోసం కుందేళ్లలో వరణాత్మక ప్రజననం ఎలా చేస్తారు?’ అన్న ప్రశ్నకు చాలామంది అభ్యర్థులు ఒకే జవాబు రాస్తారు: మందలో బరువైన కుందేళ్లను ఏరి, వాటినే దాటించి, పుట్టిన పిల్లల్లో మళ్లీ బరువైనవాటిని ఏరుతారు అని. అది తప్పేమీ కాదు. అయితే సగం మార్కులకు మించి రావు, ఎందుకంటే అసలు చిక్కు ఎక్కడుందో ఆ జవాబు చెప్పదు.

రైతుకు లెక్కకు వచ్చేది ఒక్క జంతువు బరువు కాదు. ఒక ఆడ కుందేలు ఏడాది మొత్తంలో ఎంత మాంసం చేతికిచ్చిందన్నది చూడాలి. అది రెండు వేర్వేరు లక్షణాల మీద ఆధారపడుతుంది: ఈతకు ఎన్ని పిల్లలు బతికి పాలు విడిచాయి, ఆ తర్వాత ఎంత వేగంగా పెరిగాయి. మొదటిది తల్లి పని. రెండోదానిలో తల్లి కన్నా పిల్ల సొంత జన్యువుల పాత్ర ఎక్కువ, వాటిలో సగం తండ్రి నుంచి వచ్చినవి. రెండింటినీ ఒకే జాతిలో పెంచబోతే ఏదీ పూర్తిగా దక్కలేదు. ఆధునిక కుందేలు ప్రజననం అంతా ఈ రెండు పనులనూ విడదీసి, చివర్లో కలపడమే.

ముందు ఏ జంతువో తేల్చుకుందాం

పెంపుడు కుందేలు శాస్త్రీయనామం ఒరిక్టోలాగస్ క్యునిక్యులస్. లాగోమార్ఫా క్రమం, లెపోరిడే కుటుంబం. పళ్లతో కొరుకుతుంది కదా అని ఎలుకలతో కలిపి రోడెన్షియాలో రాయడం తరచూ జరిగే పొరపాటు. కుందేలుకు పై దవడలో రెండు జతల కుంతకాలు ఉంటాయి, పెద్ద జత వెనక ఒక చిన్న జత దాగి ఉంటుంది. ఎలుకకు ఒక్క జతే.

మన పొలాల గట్ల మీద రాత్రిపూట గెంతే అడవి కుందేలు వేరే ప్రజాతి, లెపస్ నైగ్రికోలిస్. పెంపుడు కుందేలుకు 44 క్రోమోజోములు, లెపస్ ప్రజాతికి 48. ఈ రెండింటికీ సంకరం కుదరదు. పెంపుడు కుందేలు పిల్ల వెంట్రుకలు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. అడవి కుందేలు పిల్ల బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972 ప్రకారం అడవి కుందేలును వేటాడటం నేరం, కాబట్టి మాంసం కోసం పెంపకం అంటే ఒరిక్టోలాగస్ గురించే. ఇంకో మెలిక ‘బెల్జియన్ హేర్’. పేరులో హేర్ ఉన్నా అది పెంపుడు కుందేలు జాతే.

మచ్చిక కథలో ఒక అబద్ధం

పాత పుస్తకాల్లో ఒక కథ కనిపిస్తుంది. క్రీ.శ. 600 ప్రాంతంలో పోప్ గ్రెగరీ, అప్పుడే పుట్టిన కుందేలు పిల్లలు మాంసం కిందికి రావని, ఉపవాస దినాల్లో తినవచ్చని ప్రకటించాడట. దాంతో ఫ్రాన్స్ మఠాల్లో సన్యాసులు కుందేళ్లను మచ్చిక చేశారట. 2018లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలతో కూడిన బృందం మూలాలు వెతికితే అలాంటి ప్రకటనే దొరకలేదు. వేరే గ్రెగరీ, అంటే టూర్స్ నగర బిషప్, రాసిన ఒక ప్రస్తావన చేతులు మారుతూ పోప్ ఆజ్ఞగా స్థిరపడిపోయింది. ఆప్షన్లలో ఇది కనిపిస్తే జాగ్రత్త.

నిలబడే విషయాలు ఇవి. ఈ జంతువు సహజ నివాసం ఐబీరియా ద్వీపకల్పం, దక్షిణ ఫ్రాన్స్. పెంపుడు కుందేళ్ల జన్యువులకు దగ్గరగా ఉన్నవి ఫ్రాన్స్ అడవుల్లో బతికే ఒరిక్టోలాగస్ కుందేళ్లే. 2014లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన జీనోమ్ అధ్యయనం మరో ముఖ్య విషయం తేల్చింది: మచ్చికకు కారణం ఏదో ఒక పెద్ద ఉత్పరివర్తన కాదు, మెదడు, నాడీవ్యవస్థ వికాసానికి సంబంధించిన అనేక జన్యువుల దగ్గర జరిగిన చిన్న చిన్న మార్పులు. మాంసపు లక్షణాలదీ ఇదే తీరు. బరువు, పిల్లల సంఖ్య బహుజన్యు లక్షణాలు, మెండల్ బఠాణీలా 3:1లో విడిపోవు. కాబట్టి ఇక్కడ పన్నెట్ చదరం పనికిరాదు, సగటులు, విచలనాలు కావాలి.

ప్రజననకారుడికి కలిసొచ్చే శరీరధర్మం

కుందేలుది ప్రేరిత అండోత్సర్గం. ఆవులా నిర్ణీత రోజులకోసారి ఎదకు వచ్చి అండం విడుదల చేయదు. సంపర్కం జరిగిన 10–12 గంటలకు అండోత్సర్గం అవుతుంది. కృత్రిమ గర్భధారణ చేసేటప్పుడు ఈ ప్రేరణ ఉండదు కనుక, హార్మోన్ ఇంజెక్షన్‌తో అండోత్సర్గం తెప్పిస్తారు. చూడి కాలం సుమారు 31 రోజులు. సంపర్కం జరిగినా ఫలదీకరణ కాకపోతే 16–18 రోజులపాటు చూడి కట్టినట్టే ప్రవర్తిస్తుంది, దీన్ని మిథ్యా గర్భం అంటారు. దాటించేటప్పుడు ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. తిరగేస్తే ఆడది తన చోటును కాపాడుకునే ధోరణిలో మగదాన్ని కరిచి తరుముతుంది. సహజ సంపర్కంలో పది ఆడవాటికి ఒక మగది ఉంటే చాలు.

యూరప్ ఫారాల్లో ఎక్కువగా కనిపించేది 42 రోజుల చక్రం. ఈనిన 11వ రోజున మళ్లీ గర్భధారణ చేయిస్తారు, 31 రోజుల చూడి కలిపితే 42. ఒకే లక్ష్యం కోసం విడిగా ఎంచి పెంచే మందను వరస అంటారు. ఒక తరం మారడానికి తల్లివైపు వరసల్లో సుమారు 9 నెలలు, తండ్రివైపు వరసల్లో సుమారు 6 నెలలు పడుతుంది. పశువుల్లో ఇదే పని ఏళ్ల మీద సాగుతుంది. ఒక శాస్త్రవేత్త తన ఉద్యోగకాలంలోనే ముప్పై నలభై తరాల వరణ ఫలితం చూడగల మాంస జంతువులు అరుదు, కుందేలు వాటిలో ఒకటి.

అనువంశికత: అసలు కీలకం

ఒక లక్షణంలో జంతువుకూ జంతువుకూ కనిపించే తేడాలో ఎంత భాగం పిల్లలకు అందే జన్యువుల వల్ల వచ్చిందో చెప్పేది అనువంశికత, అంటే హెరిటబిలిటీ. 0 నుంచి 1 మధ్య ఉంటుంది. కుందేళ్లలో ఈతకు పిల్లల సంఖ్య అనువంశికత 0.1 దరిదాపుల్లోనే ఉంటుంది. పాలు విడిచాక రోజువారీ పెరుగుదలకు 0.2 లేదా కాస్త పైన. డ్రెస్సింగ్ శాతం (బతికున్నప్పటి బరువులో కోశాక మిగిలే వాటా) వంటి కళేబర లక్షణాలకు ఇంకా ఎక్కువ.

పిల్లల సంఖ్యకు ఇంత తక్కువ ఎందుకు? ఎన్ని అండాలు విడుదలయ్యాయి, వాటిలో ఎన్ని పిండాలు గర్భాశయంలో నిలిచాయి, తల్లికిది ఎన్నో ఈత, ఎండాకాలమా చలికాలమా, దాణా ఎలాంటిది, గూడు పెట్టె పొడిగా ఉందా అన్నవన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. ఒక ఈతలో 12 పిల్లలు పెట్టిన కుందేలు జన్యుపరంగా గొప్పదే కానక్కర్లేదు, ఆసారి దానికి అన్నీ కలిసొచ్చి ఉండొచ్చు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మగ కుందేలు ఈనదు. మరి పిల్లల సంఖ్య విషయంలో మంచి మగదాన్ని ఎలా గుర్తిస్తారు? దాని తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్ల రికార్డులను బట్టి. ఇలా బంధువులందరి సమాచారాన్నీ కలిపి, రుతువు, ఈత క్రమం వంటి ప్రభావాలను తీసివేసి, ఒక్కో జంతువు ప్రజనన విలువను అంచనా వేసే గణాంక పద్ధతి ‘బ్లప్’. అమెరికన్ శాస్త్రవేత్త చార్లెస్ హెండర్సన్ పాడి పశువుల కోసం అభివృద్ధి చేసినదే కుందేళ్లకూ వాడుతున్నారు. పెరుగుదలకు మాత్రం ఇంత తతంగం అక్కర్లేదు. మగదైనా ఆడదైనా తూకం వేస్తే తెలిసిపోతుంది. జంతువును దాని సొంత రికార్డుతోనే ఎంచుకోవడాన్ని వ్యక్తిగత వరణం అంటారు.

లెక్కలో చూద్దాం

సూత్రం చిన్నదే: వరణ స్పందన = అనువంశికత × వరణ భేదం. వరణ భేదం అంటే ఎంచుకున్న తల్లిదండ్రుల సగటుకూ మొత్తం మంద సగటుకూ తేడా.

ఒక మందలో 70 రోజుల వయసు సగటు బరువు 1,800 గ్రాములు, ఎంచుకున్న ఆడ, మగవాటి సగటు 2,100 గ్రాములు, అనువంశికత 0.3 అనుకుందాం. వరణ భేదం 300, స్పందన 90 గ్రాములు. తర్వాతి తరం సగటు 1,890 గ్రాములు ఉంటుందని ఆశించవచ్చు. 2,100 అని రాస్తే తప్పు.

అదే మందలో ఈతకు సగటున 7 పిల్లలు, ఎంచుకున్న ఆడవాటి సగటు 10, అనువంశికత 0.1 అనుకోండి. 3 × 0.1 = 0.3 అని ఆగిపోకూడదు. మగవాటిని ఈ లక్షణం కోసం ఎంచకుండా యథాలాపంగా తీసుకుంటే ఆడవైపు భేదంలో సగమే లెక్కకొస్తుంది. కాబట్టి స్పందన 0.15 పిల్ల. ఏడు నుంచి పదికి ఎంచినా పిల్లల తరంలో పెరిగేది 7.15 వరకే. ఇందులోని అంకెలు అభ్యాసం కోసం వేసుకున్నవే, కానీ వాస్తవం కూడా దీనికి దూరంగా లేదు. స్పెయిన్‌లోని వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయంలో పిల్లల సంఖ్య కోసం ఎంచుతూ వచ్చిన వరసల్లో తరానికి వచ్చిన మెరుగు సుమారు 0.1 పిల్ల. పది తరాల శ్రమకు ఈతకు ఒక పిల్ల అన్నమాట.

ఆ మెరుగు జన్యువుల వల్లేనా, మధ్యలో దాణా, షెడ్డు బాగుపడటం వల్లా? దీన్ని తేల్చడానికి అక్కడివాళ్లు చేసిన పని నాకు చాలా ఇష్టం. పాత తరాల పిండాలను ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచారు. చాలా తరాల తర్వాత వాటిని కరిగించి తల్లుల గర్భంలో పెట్టి, వాటి సంతతిని కొత్త తరంతో పాటు ఒకే షెడ్డులో, ఒకే దాణాతో పెంచి పోల్చారు. వరణ ప్రయోగంలో ‘నియంత్రిత సమూహం’ అంటే ఏమిటో రాయాల్సి వస్తే ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

పుట్టినవి కావు, పాలు విడిచినవి లెక్క

తల్లి వరసల్లో ఎంపికకు పుట్టిన పిల్లల సంఖ్య కన్నా పాలు విడిచేనాటికి, అంటే సుమారు 28–35 రోజులకు, మిగిలిన సంఖ్యను తీసుకోవడానికి కారణం ఉంది. పిల్లలు ఎక్కువైన కొద్దీ ఒక్కోదాని పుట్టుక బరువు తగ్గుతుంది. తల్లికి సాధారణంగా 8–10 చనుమొనలే ఉంటాయి, పైగా రోజుకు ఒక్కసారే, కొద్ది నిమిషాలే పాలిస్తుంది. ఆ ఒక్క పూట చోటు దక్కని చిన్నపిల్ల బతకడం కష్టం. పాలు విడిచినవాటిని లెక్కిస్తే తల్లి గర్భసామర్థ్యం, పాల దిగుబడి, గూడు కట్టుకునే తీరు అన్నీ ఒకే అంకెలోకి వస్తాయి. ఫ్రాన్స్ పరిశోధకులు ఇంకో దారి కూడా పట్టారు, ఒకే ఈత పిల్లల బరువుల్లో తేడా తక్కువగా ఉండేలా ఎంపిక చేయడం. సంఖ్య పెంచడం కంటే ఇదే తెలివైన పని అనిపిస్తుంది, ఎందుకంటే సన్నపిల్లలే ముందు చనిపోతాయి.

వరసలు, మూడు వరసల సంకరణం

ఇక విడదీసి కలపడం. ఫ్రాన్స్ జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇన్రా (2020 నుంచి ఇన్రే) 1077, 2066 అనే తల్లి వరసలను అభివృద్ధి చేసింది. వాలెన్సియాలో ఎ, వి వరసలు పాలు విడిచిన పిల్లల సంఖ్య కోసం, ఆర్ వరస పెరుగుదల వేగం కోసం ఎంచినవి. కాటలోనియాలోని ఇర్టా సంస్థలో ప్రాట్ తల్లి వరస, కాల్డెస్ తండ్రి వరస. అమెరికాలో అలబామా, టెక్సస్ విశ్వవిద్యాలయాల కృషి ఫలితం ‘ఆల్టెక్స్’. ఫ్లెమిష్ జెయింట్, షాంపేన్ డి అర్జెంట్, కాలిఫోర్నియన్ జాతులను కలిపి, 70 రోజుల బరువు కోసం ఎంచిన తండ్రి జాతి ఇది.

పద్ధతి ఇలా సాగుతుంది. ఎ వరస ఆడదాన్ని వి వరస మగదానితో దాటిస్తారు. పుట్టిన సంకర ఆడపిల్లలు రైతు ఫారంలో తల్లులవుతాయి. రెండు వేర్వేరు తల్లి వరసల కలయిక కావడంతో పిల్లల సంఖ్యలో సంకర తేజం, అంటే హెటిరోసిస్ కనిపిస్తుంది. ఈ తల్లులను ఆర్ వరస మగదానితో కలిపితే వచ్చేవి మాంసానికి వెళ్లే పిల్లలు. గుర్తుంచుకోదగ్గ సూత్రం ఒకటుంది. అనువంశికత తక్కువైన లక్షణాలకు సంకర తేజం ఎక్కువ, అనువంశికత ఎక్కువైన లక్షణాలకు సంకర తేజం తక్కువ. పిల్లల సంఖ్యను వరణంతో పెంచడం నిదానం కాబట్టే సంకరణం దాన్ని భర్తీ చేస్తుంది.

పెరుగుదల వరసను తల్లిగా ఎందుకు వాడరు? వేగంగా పెరిగేదాని వయోజన బరువు కూడా పెరుగుతుంది. ఆ పెద్ద శరీరాన్ని ఏడాదంతా పోషించే దాణా ఖర్చు తల్లి మీద పడుతుంది. మొత్తం ఖర్చులో సగానికి పైగా దాణాదే. పైగా వాలెన్సియా ఆర్ వరస ఆడవాటిలో సంతానోత్పత్తి బలహీనపడటం గమనించారు. ఇలా ఒక లక్షణం పెంచితే మరొకటి తగ్గడాన్ని ప్రతికూల జన్యు సహసంబంధం అంటారు. వేగవంతమైన పెరుగుదల వల్ల మేత మార్పిడి నిష్పత్తి (కిలో బరువు పెరగడానికి తినే మేత) మెరుగవుతుంది, అది లాభం. కానీ అదే 2 కిలోల బరువు దగ్గర కోస్తే ఆ జంతువు ఇంకా లేతది, కొవ్వు తక్కువ, డ్రెస్సింగ్ శాతమూ కాస్త తక్కువే.

మూసిన వరసలో తరాల తరబడి ఎంపిక చేస్తే అంతఃప్రజననం పెరగడం ఖాయం. దాన్ని అదుపు చేయడానికి ప్రతి మగదాని స్థానంలో దాని కొడుకుల్లో మేలైనదాన్నే నిలుపుతారు, దాంతో ఏ తండ్రి వంశమూ అంతరించదు. తాత గానీ, అమ్మమ్మ లేదా నానమ్మ గానీ ఒకరే అయిన జంటలను కలపరు.

ఉత్పత్తి ఒక్కటే చూస్తూ పోతే తల్లులు త్వరగా అరిగిపోతున్నాయని కూడా స్పెయిన్‌లోనే గ్రహించారు. వాణిజ్య ఫారాల్లో కనీసం 25 ఈతలు ఈని, పిల్లల సంఖ్యలోనూ వెనకబడని ఆడవాటిని వెతికి పట్టుకుని ‘ఎల్‌పి’ అనే దీర్ఘాయుష్షు వరసను నిర్మించారు. కఠిన పరిస్థితుల్లోనూ తట్టుకునే గుణం వీటిలో బాగా కనిపించింది.

రంగు ప్రశ్న: బహుళ యుగ్మవికల్పకాలు

కుందేలు నుంచి జన్యుశాస్త్రంలో తప్పనిసరిగా వచ్చే ప్రశ్న ఇది. బొచ్చు రంగుకు ఒకే స్థానంలో నాలుగు యుగ్మవికల్పకాలు ఉన్నాయి. బహిర్గతత్వ క్రమంలో పూర్తి రంగు, చించిల్లా, హిమాలయన్, ఆల్బినో. నాలుగు వికల్పకాలతో సాధ్యమయ్యే జన్యురూపాలు 4 × 5 ÷ 2 = 10. హిమాలయన్ రకంలో రంగునిచ్చే ఎంజైము చల్లని భాగాల్లోనే పనిచేస్తుంది కాబట్టి చెవులు, ముక్కు, పాదాలు, తోక నల్లగా, మిగతా ఒళ్లు తెల్లగా ఉంటుంది.

మాంసపు జాతులకు దీనితో సంబంధం ఉంది. న్యూజిలాండ్ వైట్ ఆల్బినో. పేరు ఏదైనా అది రూపుదిద్దుకున్నది అమెరికాలో. 1920లలో కాలిఫోర్నియాకు చెందిన జార్జ్ వెస్ట్ హిమాలయన్, చించిల్లా కుందేళ్లను కలిపి, ఆ సంతతిని న్యూజిలాండ్ వైట్‌తో దాటించి కాలిఫోర్నియన్ జాతిని తయారుచేశాడు. దాని నల్లని చెవులు హిమాలయన్ వారసత్వం. ఇంటర్ పాఠంలో బికనేరీ గొర్రె, మెరినో పొట్టేలు కలిసి హిస్సార్‌డేల్ వచ్చినట్టే ఇదీ సంకరణంతో పుట్టిన కొత్త జాతి. తెల్ల జాతులకు మాంస పరిశ్రమలో గిరాకీకి కారణం మామూలుదే: మాంసానికి అంటిన తెల్ల వెంట్రుక కంటికి ఆనదు, చర్మానికి ఏ రంగైనా వేయొచ్చు.

ఎండను తట్టుకునే జన్యువులు

కుందేలుకు చెమట పట్టి ఒళ్లు చల్లబడే వీలు లేదు. వేడిని ప్రధానంగా చెవుల రక్తనాళాల ద్వారా, శ్వాస ద్వారా వదులుతుంది. 15–25 డిగ్రీల సెల్సియస్ దానికి హాయి. 30 దాటితే మేత తగ్గుతుంది, పెరుగుదల మందగిస్తుంది. తీవ్రమైన ఎండకు మగవాటి వీర్యం దెబ్బతింటే కోలుకోవడానికి వారాలు పడుతుంది. మే నెల ఎండ ప్రభావం జూలై ఈతల్లో కనిపించడానికి కారణం అదే.

స్పెయిన్ షెడ్డులో మెరిసిన వరస 42 డిగ్రీల చోట అలాగే మెరవదు. దీన్ని జన్యురూప–పర్యావరణ పరస్పర చర్య అంటారు. ఈజిప్టు దీనికి చక్కని పరిష్కారం వెతికింది. స్థానిక బలాది రెడ్ కుందేలును వాలెన్సియా వి వరసతో కలిపి ‘ఆప్రి’ వరసను తయారుచేసుకుంది. సౌదీ అరేబియా కూడా తన గబాలీ కుందేలుతో ఇలాగే చేసింది. ఎండకు ఓర్చుకునే గుణం స్థానిక జాతిది, పిల్లల సంఖ్య వి వరసది.

మనదేశంలో

భారత్‌కు ఒరిక్టోలాగస్‌లో అలాంటి ప్రాచీన స్థానిక జాతి లేదు, వచ్చినవన్నీ దిగుమతులే. రాజస్థాన్‌లోని అవికానగర్‌లో 1962లో ఏర్పడిన కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ కుందేళ్ల మీద కూడా పనిచేస్తోంది. దాని దక్షిణ కేంద్రం తమిళనాడులోని కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో ఉంది, అక్కడ వైట్ జెయింట్, సోవియట్ చించిల్లా మాంసపు జాతులు ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్ కులు ప్రాంతంలోని గర్సా కేంద్రానిది ఉన్నినిచ్చే అంగోరా. జతపరచమని అడిగే ప్రశ్నల్లో అంగోరాను మాంసపు జాతుల్లో కలిపేయకండి.

మన్నవనూరు చల్లని కొండ మీది ఊరు. అక్కడి సగటులను తెచ్చి కడప రైతుకో ఖమ్మం రైతుకో అంచనాలుగా చూపించడం సరికాదు. తెలుగు రాష్ట్రాల్లో వేసవిని దాటించడానికి చెట్ల నీడ, పైకప్పు మీద గడ్డి, ఫాగర్లు కావాలి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

పిల్లలను అమ్మే వ్యాపారం, మాంసం అమ్మే వ్యాపారం

1900 ప్రాంతంలో అమెరికాలో బెల్జియన్ హేర్ పిచ్చి పట్టింది. ఒక్కో మేలురకం కుందేలు వందల డాలర్లు పలికింది. కొన్నవాళ్లంతా పిల్లలను తీసి ఇంకొకరికి అమ్మడానికే పెంచారు, తినేవాళ్లు పెరగలేదు. కొద్ది ఏళ్లలోనే ధర కూలిపోయింది. తెలుగు నేల మీద ఈము పక్షుల బైబ్యాక్ పథకాలు మిగిల్చిన నష్టం చూసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. ‘మా దగ్గర పది ఆడవి, ఒక మగది కొనండి, పిల్లలన్నీ మేమే తిరిగి కొంటాం’ అనే ప్రకటన కనబడితే అడగాల్సిన ప్రశ్న జన్యుశాస్త్రంలోనే ఉంది: ఇవి ఏ వరసవి, తల్లుల ఈతల రికార్డు ఏది?

సంకర పిల్లలను మాంసానికి కాకుండా మళ్లీ ప్రజననానికి ఉంచుకుంటే ఏమవుతుందో కింది ప్రశ్నలో తేలుతుంది.

ప్రశ్న: (ఎ ఆడది × వి మగది) సంకర ఆడదాన్ని ఆర్ మగదానితో దాటిస్తే పుట్టే పిల్లలో ఏ వరస జన్యువుల వాటా ఎంత? ఆ పిల్లలనే వాటిలో వాటికి కలిపితే రైతు ఏం కోల్పోతాడు?

జవాబు: ఆర్ వరస నుంచి 50 శాతం, ఎ, వి వరసల నుంచి సగటున 25 శాతం చొప్పున. ఈ పిల్లలను తమలో తాము దాటిస్తే ఒకే వరస నుంచి వచ్చిన వికల్పకాలు మళ్లీ జతకూడి సమయుగ్మజ స్థితి పెరుగుతుంది, తర్వాతి తరంలో సంకర తేజం తగ్గిపోతుంది. ఆడపిల్లల్లో సగం జన్యువులు పెరుగుదల వరసవి కావడంతో తల్లులుగా అవి ఎక్కువ తిని తక్కువ పిల్లలను ఇస్తాయి. అందుకే ప్రతిసారీ తల్లులను ఎ × వి నుంచి, మగవాటిని ఆర్ వరస నుంచి కొత్తగా తెచ్చుకోవాలి.